కుక్కతో చెప్పిన మాట

మూడో వారం కూడా క్లారీ నాకు వీపే చూపించాడు. చూపించక ఏం చేస్తాడు? వరసకు నేను అతనికి అత్తని. నాకు ఆడపిల్లే లేదు, అతను చేసుకున్నది ఎక్కడో బ్రూమ్ ఊరి వైపు పిల్లని. అయినా వరస వరసే. అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, మాట కలపకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. మా ఆదివాసీ పిల్లలకి నడక వచ్చేసరికే ఈ సంగతి తెలుస్తుంది. మాతో నాటకం వేయిస్తున్న డెస్మండ్‌కి మాత్రం నేను నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ బుద్ధిమంతుడిలా తలూపాడు. మర్నాడు హాల్లో మళ్ళీ అదే కేక.

"క్లారీ అంకుల్! ఆవిడ వైపు తిరగండి! చేతులు పట్టుకుని చెప్పాలి! నాటకం మొత్తానికి ఇదే ముఖ్యమైన సీను!"

క్లారీ టోపీ ఇంకాస్త కిందికి లాక్కుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నేను పిండి డబ్బా చంకన పెట్టుకుని కిటికీ కేసి చూస్తూ నిలబడ్డాను. డెస్మండ్ కాగితాల కట్ట కుర్చీలో విసిరికొట్టాడు.

"నటన అంటే నటన! స్టేజీ ఎక్కాక మీరు మీరు కాదు, ఆయన ఆయన కాదు. ఎన్నిసార్లు చెప్పాలి ఆంటీ?"

"నేనెన్నిసార్లు చెప్పాలిరా అబ్బాయ్? స్టేజీ ఎక్కితే నా కళ్ళు నావి కాకుండా పోతాయా?"

అతను తెల్లవాడైతే నాలుగు తిట్టి ఇంటికి పోయేదాన్ని. మావాడే కావడం నా కర్మ. పెర్త్ నుంచి వచ్చాడు, దక్షిణాది మనిషి, మా రంగే, మా జనమే, ముప్పై ఏళ్ళవాడు, నాటకాల బడిలో చదువుకున్నాడు. వాళ్ళ వైపు ఈ కట్టుబాట్లన్నీ చర్చి మిషన్ల వాళ్ళు ఏనాడో ఊడబెరికేశారు. అది అతని తప్పు కాదు. చెప్పింది వినకపోవడం మాత్రం ముమ్మాటికీ అతని తప్పే.

నాటకం మా సమ్మె గురించి. 1946లో ఈ ప్రాంతపు గొర్రెల స్టేషన్లలో, అంటే తెల్లదొరలు వేల గొర్రెల్ని మేపే భూముల్లో, మా వాళ్ళు పని మానేసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. పొద్దస్తమానం చాకిరీకి వాళ్ళకి దక్కేది పిండి, టీ ఆకు, పంచదార, పొగాకు. మా అమ్మ విన్నీ అప్పుడు కార్మడీ స్టేషన్లో దొర వంటింట్లో పని చేసేది. మూడేళ్ళ నన్ను చంకనేసుకుని నడిచింది. అది జరిగి యాభై ఏళ్ళయిందని మా హెడ్లండ్ ఊరి హాల్లో ఈ నాటకం వేస్తున్నారు. అమ్మ వేషం నాది. స్టేషన్ స్టేషన్‌కీ తిరిగి సమ్మె కబురు మోసిన మనిషి వేషం క్లారీది. ఆ మనిషి పేరు నేను చెప్పను, పోయినవాళ్ళ పేర్లు మేం పలకం. డెస్మండ్ పోలీసు కాగితాల్లో చూసి అసలు పేరే రాసేశాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే జాక్ అని మార్చాడు. నా మాట విన్నది ఆ ఒక్కసారే.

పోనీ మా ఇద్దరిలో ఒకరు మానేస్తే సరిపోయేదిగా అంటారేమో. క్లారీ ఏడాదంతా ఊరి రోడ్లు చదును చేసే బండి నడుపుతాడు, గుర్రాల పోటీల్లో మైకు ముందు మాత్రం అతనిదే గొంతు. అలాంటి గొంతు ఈ ఊళ్ళో ఇంకొకరికి లేదు. ఉన్న మగవాళ్ళంతా గని షిఫ్టుల్లో ఉన్నారు. ఇక నేనంటారా, మా అమ్మ వేషం ఇంకొకరికి ఎందుకిస్తాను?

డెస్మండ్ ఉపాయాలు చెయ్యకపోలేదు. ఒకరోజు మా మధ్య దుప్పటి కట్టించాడు. ముందు వరసలో కూర్చుని చూస్తే అతనికి దుప్పటి తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకోరోజు నాకు నల్ల కళ్ళద్దాలు తెచ్చాడు. గొర్రెల స్టేషన్ వంటమనిషికి నల్ల కళ్ళద్దాలట! తీసి పారేశాను.

మాకూ మాకూ ఏ ఇబ్బందీ లేదు. క్లారీకి సార్జెంటు అని ఒక కుక్క ఉంది, ఎర్రది, ఒక చెవి సగం లేదు. టీ తాగే వేళకి క్లారీ దానితో అంటాడు: "సార్జెంటూ, ఆ పెద్దావిడకి చెప్పు, టీ చల్లారిపోతోందని." నేనూ దానితోనే అంటాను: "సార్జెంటూ, మీ నాయనకి చెప్పు, పంచదార వెయ్యడం మళ్ళీ మర్చిపోయాడని." కుక్క ఇద్దరికీ తోక ఊపుతుంది. మా జనం ఎప్పుడూ ఇలాగే నెట్టుకొచ్చారు. డెస్మండ్‌కి ఇది చూస్తే చిర్రెత్తుకొచ్చేది.

"రిహార్సల్లో కుక్క ఏమిటి? బయటికి తోలండి దాన్ని!"

నాటకం శనివారం. ఆ తర్వాతి సోమవారం విమానంలో అమ్మని పెర్త్ తీసుకెళ్తారు. ఆమె మూత్రపిండాలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేసే మిషను పెట్టాలి, ఆ మిషను ఇక్కడ లేదు. అలా వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని నేను ఎరగను. ఆ నడకలో నడిచినవాళ్ళే పదిమంది మిగల్లేదు. వాళ్ళు చేసింది స్టేజీ మీద వాళ్ళ కళ్ళకి కనిపించాలి, అమ్మ వెళ్ళేలోపు అమ్మ చూడాలి. నాకు కావలసింది అంతే. అందుకే ఆ కుర్రాడి అరుపులన్నీ భరించాను.

నాటకానికి ముందు సోమవారం రిహార్సల్ అయ్యాక తిన్నగా వృద్ధుల హాస్టల్‌కి వెళ్ళి అమ్మ మంచం మీద కూలబడ్డాను. అమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం. చేతిలో అరగ్లాసు నీళ్ళు. పూటకి అంతేనట, డాక్టర్ల ఆజ్ఞ.

"ఆ కుర్రాడితో నా ప్రాణం విసిగిపోయిందమ్మా," అని మొత్తం కక్కేశాను. వంటిల్లు, చేతులు పట్టుకోవడం, కళ్ళల్లో కళ్ళు పెట్టి ఉపన్యాసం.

అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరు వచ్చారు వంటింట్లోకి?"

"ఆయనే. నీకు కబురు తెచ్చినాయన."

"వచ్చి నా చేతులు పట్టుకున్నాడా?"

"నాటకంలోలే అమ్మా."

"ఎవడు చెప్పాడే ఆ మాట?"

"పోలీసు కాగితాల్లో ఉందట. వంటింట్లోకి చొరబడి పనివాళ్ళని రెచ్చగొట్టాడని."

"వాడి మొహం! పోలీసోడు ఆ రోజు అక్కడున్నాడా? ఆయన నాకు అల్లుడి వరసే, పిచ్చిదానా! వంటింటి గడప తొక్కుతాడా?"

యాభై ఏళ్ళలో అమ్మ ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన పోయాక ఆయన ఊసే ఎత్తలేదు. నేనూ అడగలేదు. మూడు వారాలుగా వరస, వరస అని గొంతు చించుకుంటున్న నాకే ఆ అనుమానం రాలేదు.

"మరి నీకు కబురు ఎలా చెప్పాడు?"

"ఎలా చెప్తాడు? కుక్కకి చెప్పాడు."

అమ్మ చెప్పింది. దొర వరండాలో టీ తాగుతున్నాడట. కబురు మోసినాయన కట్టెలు కొట్టే పని అడగడానికి వచ్చినట్టు వచ్చి, కట్టెల కుప్ప దగ్గర వంటింటికి వీపు పెట్టి చతికిలబడ్డాడట. నీళ్ళ ట్యాంకు కాలికి దొర కుక్క కట్టేసి ఉంది. దానితో మాటలు మొదలెట్టాడు.

"కుక్కా కుక్కా, నీకు ఎముకలు వేస్తున్నారు గదా, కడుపు నిండుతోందా? నీ పిల్లకి నిండుతోందా? ఇంకో పది పొద్దులకి గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు వస్తారు. ఆ పొద్దున దొర ఈల వేస్తే లేవకు. గొలుసు తెంపుకో. నీ పిల్లని నోట కరుచుకుని ఏటి ఒడ్డున తెల్ల చెట్ల దగ్గరికి వచ్చెయ్. అన్ని స్టేషన్ల కుక్కలూ వస్తున్నాయి. నువ్వొక్కదానివే ఇక్కడ మిగిలిపోకు."

"దొర వినలేదా?"

"వినకేం? ప్రతి ముక్కా విన్నాడు. పడీపడీ నవ్వాడు. పిచ్చోడు కుక్కకి కథలు చెప్తున్నాడు, వీడికి ఓ గుప్పెడు పిండి పడేయ్ విన్నీ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? ఆయనతో మాట్లాడకూడదు గదా. పిండి డబ్బా మూత తీసి నేల మీద పడేశాను. ఖణేల్మంది. దొర తిట్టాడు. ఆయనకి జవాబు అందింది. లేచి, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు. పదో పొద్దున నిన్ను చంకనేసుకున్నాను."

అమ్మకి ఆయాసం వచ్చింది. అయినా ఆగలేదు.

"ఆయన్ని మెడకి గొలుసేసి జైలుకి నడిపించారే. ఆ గొలుసుతో కూడా, నేను దారి పక్కన నిలబడి ఉంటే తల పక్కకి తిప్పుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఆయన నా మొహంలోకి చూసి నా చేతులు పట్టుకున్నాడని ఊరంతటికీ చూపిస్తారా? సిగ్గూ వరసా లేనివాడని చెప్తారా? పోయినాయన లేచొచ్చి కాదనలేడు గదా!"

మర్నాడు హాల్లో డెస్మండ్‌ని పట్టుకుని అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. సీను మార్చమన్నాను. ఇప్పుడు మార్చడం ఎంత తేలిక! క్లారీ వీపు తిప్పుకునే ఉన్నాడు, కుక్క సిద్ధంగా ఉంది. డెస్మండ్ చేతిలోని కాగితాలు కుర్చీలో పెట్టాడు.

"ఆంటీ, వందేళ్ళుగా వాళ్ళు మనల్ని కుక్కల పక్కనే చూపించారు. ఏ పాత ఫోటో అయినా చూడండి, దొర కుర్చీలో, మనం నేల మీద, పక్కన కుక్క. నా వీరుణ్ణి కూడా నేను అలాగే చతికిలబెట్టాలా? వీపు తిప్పుకుని కుక్కతో మాట్లాడిస్తే జనం నవ్వుతారు."

అతని బాధ నాకు అర్థమైంది. అర్థమైనందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"నవ్వనీరా! ఆ రోజు దొరా నవ్వాడు. పదో రోజు నుంచి వాడి టీ వాడే కాచుకున్నాడు. ఆ నవ్వు చాటునే గదా మనవాళ్ళు గడప దాటింది!"

"స్క్రిప్టు అచ్చయిపోయింది ఆంటీ. పెర్త్‌లో డబ్బిచ్చే పెద్దలు ఒప్పుకున్నది అదే. క్లారీ అంకుల్ బదులు గురువారం ట్రెంట్ వస్తున్నాడు. సిడ్నీ నటుడు. అతనితో మీకు వరస గొడవ ఉండదు."

"గొడవ నాది కాదురా నాయనా! పోయినాయన పరువు!"

"మీకు కష్టమైతే చెప్పండి, మీ వేషానికి కూడా ఒకమ్మాయిని పిలిపిస్తాను."

బెదిరించడానికి అనలేదు, అలసిపోయి అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నేను కూడా పోతే స్టేజీ మీద మా ఊరి మనిషే ఉండదు. ఈ నిర్ణయం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

క్లారీ టోపీ దులుపుకుని వెళ్ళి హాలు వెనక మెట్ల మీద కూర్చున్నాడు. నేను తలుపుకి ఇవతల, అతనికి వీపు పెట్టి కూర్చుని, "సార్జెంటూ, ఇలా రా" అన్నాను. వచ్చింది. దాని సగం చెవిలో మొత్తం చెప్పాను, కట్టెల కుప్ప నుంచి డబ్బా మూత దాకా, ఆయన అన్న మాటలు అన్నట్టుగా, రెండుసార్లు. అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.

"సార్జెంటూ, బాగా గుర్తుపెట్టుకోరా," అన్నాడు క్లారీ.

శుక్రవారం అమ్మ దగ్గరికి వెళ్ళి సీను మారలేదని చెప్పి, రావద్దులే అన్నాను.

"వస్తాను," అంది.

"కోపం పోయిందా?"

"హాస్టల్ బస్సు అందర్నీ తెస్తోంది, నేనూ వస్తాను. చూస్తానని చెప్పలేదు."

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి హాలు నిండిపోయింది. పంకాలు తిరుగుతున్నా చెమటలే, గాలి కోసం వెనక తలుపు తీసిపెట్టారు. ముందు వరసలో పెర్త్ పెద్దలు, ఆ వెనక మా జనం, ఒక పక్కగా హాస్టల్ ముసలివాళ్ళు. ట్రెంట్ మంచివాడే. పొడుగ్గా, అందంగా ఉన్నాడు, నన్ను ఆంటీ అంటూ నీళ్ళు తెచ్చిచ్చాడు. బాగా నటించాడు కూడా. బాగా నటించబట్టే నాకు కడుపుమంట. వంటింట్లోకి పెద్ద అడుగులేసుకుంటూ వచ్చాడు, నా రెండు చేతులూ పట్టుకున్నాడు, నా మొహంలో మొహం పెట్టి మొదలెట్టాడు.

"ఇంకెన్నాళ్ళు తల వంచుతావు? నా కళ్ళల్లోకి చూడు!"

కీచుమని చప్పుడైంది. అమ్మ చక్రాల కుర్చీ తిప్పుతోంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తిప్పి, స్టేజీకి పూర్తిగా వీపు పెట్టింది. పక్కావిడ తన కుర్చీ తిప్పింది. చేతికర్రల ముసలాళ్ళు లేచి కుర్చీలు తిప్పుకుని కూర్చున్నారు. తర్వాత వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, మనవలు. ముందు వరస మొహాల వెనక నాకు హాలంతా వీపులే కనిపించాయి. ట్రెంట్ గొంతు తడబడింది.

ఇప్పుడు నేను "నీ వెంట నడుస్తాను" అనాలి. తెర పక్క నుంచి డెస్మండ్ గుసగుసగా, "ఆంటీ, డైలాగ్! ఆంటీ!" అంటున్నాడు. నేను చేతులు లాక్కున్నాను. పిండి డబ్బా చంకన పెట్టుకునే మెట్లు దిగాను, తిన్నగా వెళ్ళి అమ్మ కుర్చీ పక్కన నేల మీద, అందరిలాగే వెనక తలుపు వైపు తిరిగి కూర్చున్నాను.

తలుపు అవతల మెట్ల మీద క్లారీ ఉన్నాడు. మాకు వీపు పెట్టి, టోపీ దించుకుని కూర్చున్నాడు. అతని ముందు సార్జెంటు.

"కుక్కా కుక్కా," అన్నాడు. గుర్రాల పోటీల గొంతు కాదు. కట్టెల కుప్ప దగ్గర కూర్చున్నవాడు ఎంత గట్టిగా అంటాడో అంతే. "నీకు ఎముకలు వేస్తున్నారు గదా, కడుపు నిండుతోందా? నీ పిల్లకి నిండుతోందా?"

ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. అన్ని స్టేషన్ల కుక్కలూ వస్తున్నాయి, నువ్వొక్కదానివే ఇక్కడ మిగిలిపోకు అని ఆగాడు. ఆగి, లేవలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. క్లారీ అలాగే కూర్చున్నాడు, కుక్క తోక ఊపుతోంది, నాకేమో డబ్బా ఒళ్ళోనే ఉన్నా బుర్ర పనిచెయ్యడం లేదు.

"ఇలా తే," అంది అమ్మ.

నా ఒళ్ళోని డబ్బా మూత లాక్కుని సిమెంటు నేల మీద పడేసింది. ఖణేల్మంది. క్లారీ లేచి, ప్యాంటు దులుపుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు. సార్జెంటు అతని వెనకాలే వెళ్ళింది. ముసలావిడలు ముక్కులు చీదుకున్నారు. ఒకాయన కర్ర నేలకేసి కొడుతూనే ఉన్నాడు.

డెస్మండ్ తెర పక్క నుంచి వచ్చి మా దగ్గర చతికిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మారుస్తాను ఆంటీ," అన్నాడు. "ఒట్టు. మారుస్తాను." నేను నమ్మాను. సోమవారం అమ్మని విమానం ఎక్కించాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం డెస్మండ్ ఫోన్ చేశాడు. పెర్త్‌లో పెద్ద థియేటర్లో వేశారట.

"జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు ఆంటీ! ఆ సీనుకే, మధ్యలోనే లేచారు!"

"ఎవరి కుక్కని తెచ్చారు?"

"అంటే... ఆ థియేటర్లోకి కుక్కల్ని రానివ్వరు ఆంటీ. పెద్దలు కూడా అచ్చయినదే వెయ్యమన్నారు. నేను చాలా చెప్పి చూశాను. మారలేదని మీ అమ్మగారికి కూడా ముందే చెప్పాను."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీ అమ్మగారికి ముందు వరసలో సీటు ఇచ్చాం. వచ్చారు. చక్రాల కుర్చీ బయటే ఉంచి సీట్లో కూర్చోబెట్టాం."

"ఎటు తిరిగి కూర్చుంది?"

"ఆ సీట్లు నేలకి బిగించి ఉంటాయి ఆంటీ. తిరగవు. అందుకని ట్రెంట్ చేతులు పట్టుకోగానే ఆవిడ లేచి, సీటు పట్టుకుని, వెనక్కి తిరిగి నిలబడ్డారు. సమ్మెలో నడిచిన పెద్దావిడ తమకేసి తిరిగి నిలబడింది అనుకున్నారు జనం. వాళ్ళూ లేచారు. చప్పట్లు అప్పుడే మొదలయ్యాయి."

"అమ్మ ఏం చేసింది?"

"వాళ్ళు ఆపేదాకా అలాగే నిలబడ్డారు."

ఫోన్ పెట్టేశాను. నాలుగడుగులు వెయ్యలేని మనిషి ఎంతసేపు నిలబడిందో, ఎవరు పట్టుకున్నారో అడగలేదు. ఎవరిని తిట్టాలో తెలియక వంటింట్లో కాసేపు అటూ ఇటూ తిరిగాను. తర్వాత అమ్మ ఉన్న చోటికి ఫోన్ చేసి, ఉన్న కోపమంతా ఆమె మీదే చూపించాను.

"మారలేదని తెలుసు గదా, మళ్ళీ ఎందుకు వెళ్ళావే?"

"వెళ్ళకపోతే ఎలా?" అంది అమ్మ. "నేనూ తల తిప్పుకోకపోతే, అక్కడ ఆయన పరువు నిలిపేవాళ్ళు ఎవరున్నారు?"